పనసదుంగ మీద దరువు

అమలాపురం దగ్గర మా పుట్టింటి పెరట్లో ఒక పాత పనసచెట్టు ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు గాలివానకి దాని పెద్దకొమ్మ విరిగి మొదలు చీలింది. ఇక నిలవదని నాన్నగారు కొట్టించేశారు. దుంగ చూడడానికి ఇద్దరు వచ్చారు. మొదటాయన వడ్రంగి. కొలిచి చూసి, ఒక గుమ్మానికీ రెండు కిటికీలకీ సరిపోతుందన్నాడు. రెండో ఆయన వాద్యాలు చేసేవాళ్లకి కొయ్య పంపించే మనిషి. ఆయన ముందుగా కొలత తీయలేదు. దుంగ పక్కన గొంతుక్కూర్చుని, వేళ్ల కణుపులతో కొడుతూ, చెవి ఆనించి వింటూ, ఈ చివరినుంచి ఆ చివరికి జరిగాడు. ఒకచోట ఆగి మళ్లీ కొట్టాడు. "ఇక్కడ పలుకుతోందండి" అన్నాడు నాన్నగారితో.

ఆయన వెళ్లాక నేనూ కొట్టి చూశాను. నిజమే. మిగతాచోట్ల దబదబమన్న కొయ్య అక్కడ మాత్రం బదులు చెప్పింది. తరువాత అంత మేర ముక్క ఆయన పట్టుకెళ్లాడు. మిగిలింది మా వీధిగుమ్మం అయింది. వీణకుండ తొలిచేదీ పనసకొయ్యలోనే, మృదంగం తొలిచేదీ పనసకొయ్యలోనే. మా చెట్టు ముక్క ఆ రెండింటిలో ఏదయిందో మాకు తెలియలేదు. నేను మాత్రం చాలాకాలం మృదంగమే అయివుంటుందని అనుకునేదాన్ని.

మొన్న మా మనవరాలు ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ దుంగే గుర్తొచ్చింది. దానికి తొమ్మిదేళ్లు. విజయదశమికి ఏదో ఒక వాద్యంలో చేర్పించాలని మా అమ్మాయి, అల్లుడు అనుకున్నారు. కాగితం మీద నాలుగు పేర్లున్నాయి. కీబోర్డు, గిటారు, వయొలిన్, వీణ. ఒక్కోదాని పక్కన ధర, టీచరుగారి ఇల్లు ఎంత దూరం, వేదిక ఎక్కడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్నవి మా అమ్మాయి శ్రద్ధగా రాసింది.

"అమ్మమ్మా, వీటిలో ఏది మంచిది?"

"నువ్వు దగ్గర కూర్చుని విన్నది ఏదమ్మా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. కీబోర్డు స్కూల్లో విందట. మిగిలిన మూడూ బొమ్మలుగా తెలుసు. వీణ అంటే సరస్వతీదేవి ఒళ్లో ఉండేది, అమ్మమ్మ మంచం కింద పెట్టెలో ఉండేది. అంతే. తప్పు పిల్లది కాదు. రాజమండ్రిలో గోదావరికి నాలుగు వీధుల అవతలే ఉంటూ, నేను దానికి ఏమీ వినిపించలేదు. వినని దాన్ని ఎవరు మాత్రం ఎంచుకోగలరు?

మా చిన్నప్పుడు వినడానికి ఎవరూ ప్రయత్నం చేయక్కర్లేదు. తెల్లవారుతుండగా గుడివైపు నుంచి సన్నాయి వచ్చేది. కాలవగట్టు మీద తడిగాలిలో అది మరీ దగ్గరగా వినిపించేది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కదులుతున్నాయంటే, ప్రభ కంటపడకముందే డప్పులు గుండెకి తగిలేవి. శ్రీరామనవమి పందిట్లో హరికథ. దాసుగారి చిరతలు, గజ్జెలు, పక్కన ఫిడేలు, మృదంగం. సంక్రాంతి వెళ్లాక బుర్రకథ. కథకుడి భుజం మీద తంబుర, ఇద్దరు వంతల చేతుల్లో గుమ్మెటలు. ఇక నాటకమైతే తెర లేవకముందే హార్మోనియం మొత్తం ఊరికి శ్రుతి ఇచ్చేది. పెళ్లిళ్లలో బ్యాండుమేళం వాళ్ల క్లారినెట్ సినిమాపాట ఎత్తుకుంటే పిల్లలం వెనకాలే నడిచేవాళ్లం. పదేళ్లు నిండేసరికి కోనసీమలో ఏ పిల్లకైనా పది వాద్యాల గొంతులు తెలుసు. కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం.

అయితే వినడం అందరిదీ, నేర్చుకోవడం కొందరిదే. ఈ మాట దాచుకోకుండా చెప్పుకోవాలి. సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణుల ఇళ్లలో తండ్రినుంచి కొడుక్కి వచ్చేవి. అవి లేకుండా పెళ్లి జరగదు, దేవుడు కదలడు. అయినా ఆ విద్వాంసుడు అరుగు మీద ఎక్కడ కూర్చోవాలో ఊరు నిర్ణయించేది. డప్పు మోత లేకుండా జాతర లేదు. ఆ డప్పు కొట్టే చేతుల్ని ఊరు వాడలోనే ఉంచింది. మా అమ్మమ్మ కాలంలో మర్యాదస్తుల ఇళ్లలో ఆడపిల్లకి సంగీతం చెప్పించడమే తప్పు. గోదావరి ఊళ్లలో తరతరాలుగా ఆ విద్యని కాపాడిన కళావంతుల ఇళ్ల స్త్రీలకి మిగిలింది నింద. ఆ తరువాత కాలం మారి, అదే సంగీతం పెళ్లిచూపుల్లో పిల్ల అర్హత అయింది. వాద్యం ఎంచుకోవడం అన్నదే అప్పట్లో లేదు. కులం, ఇల్లు, ఆడా మగా అన్నవి మనకంటే ముందే కూర్చుని తేల్చేసేవి.

నా విషయంలోనూ అలాగే తేలిపోయింది. హరికథ పందిట్లో నేను ఎప్పుడూ మృదంగం ఆయన పక్కనున్న గుంజ దగ్గరే కూర్చునేదాన్ని. కథ మొదలయ్యేముందు ఆయన తడిపిన రవ్వముద్దని ఎడమమూత మీద అద్దడం, కుడివైపు నల్లటి కరణ చుట్టూ వేలితో తట్టి శ్రుతి చూసుకోవడం, చిన్నరాయితో అంచుమీద పోటు వేయడం కన్నార్పకుండా చూసేదాన్ని. ఇంటికొచ్చాక బిందె మీద, పీట మీద, పలకమీద నా వేళ్లు ఆడుతూనే ఉండేవి. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. నాన్నగారు కోప్పడలేదు. "ఆడపిల్లకి మృదంగం ఏమిటమ్మా, సరస్వతి చేతిలో ఉన్నది నేర్చుకో" అన్నారు, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. అలా మా ఇంటికి వీణ వచ్చింది.

ఆరేళ్లు నేర్చుకున్నాను. వారానికి రెండుసార్లు మాస్టారు సైకిలు మీద వచ్చేవారు. మాయామాళవగౌళలో సరళీస్వరాలు మూడు కాలాల్లో, జంటస్వరాలు, అలంకారాలు, మలహరి గీతాలు, తరువాత వర్ణాలు. ఎడమచేతి వేళ్ల కొసలమీద తీగలు గాళ్లు పెట్టేవి. వేళ్లకి కొబ్బరినూనె రాసుకుని వాయిస్తే ఆ గాళ్లు నల్లగా తేలేవి. బళ్లో స్నేహితురాళ్లు అవేమిటని అడిగితే గర్వంగా చూపించేదాన్ని. అవును, గర్వంగానే. నేను అడగని వాద్యమే అయినా అది నాకు ఇచ్చినది చిన్నది కాదు.

వీణ దండిమీద మైనంలో నిలిపిన ఇరవైనాలుగు మెట్లుంటాయి. మెట్టు దగ్గర తీగ నొక్కి మీటితే స్వరం పలుకుతుంది. మొదటి ఏడాది సంగీతమంటే అంతే అనుకున్నాను. తరువాత మాస్టారు అదే మెట్టు మీద తీగని పక్కకి లాగించారు. స్వరం కదిలింది, పై స్వరాన్ని తాకి వెనక్కి వచ్చింది. అదే గమకం. మెట్టు మీద ఉన్నది స్వరం గుమ్మమేనని, ఇల్లు లోపల ఉందని ఆరోజు తెలిసింది. అప్పటినుంచి ఎవరు పాడుతున్నా, చివరికి పడవ మీద జాలరి కేక వేస్తున్నా, స్వరం ఎక్కడినుంచి ఎక్కడికి జారిందో నా చెవి వెతుక్కుంటుంది. పెళ్లయ్యాక వీణ పెట్టెలోకి వెళ్లింది. ఆ చెవి మాత్రం నాతోనే ఉండిపోయింది. వాద్యం మానేసినా అది నేర్పిన వినికిడి మానదు. అందుకే పిల్లకి వాద్యం ఎంచడమంటే, జీవితాంతం ఉండే చెవిని ఎంచడమే అంటాను.

మరి ఆ మృదంగం? ఏళ్ల తరువాత ఒక మధ్యాహ్నం రేడియోలో కచేరీ వస్తోంది. పప్పు కలుపుతూ వింటున్నాను. తాళవాద్యం ఒంటిగా మోగే తనియావర్తనం అయ్యాక వాద్యబృందం పేర్లు చెప్పారు. మృదంగం నిడుమోలు సుమతి అన్నారు. గరిటె చేతిలోనే ఆగిపోయింది. ఆవిడ ఏలూరులో పుట్టారు. తండ్రి రాఘవయ్యగారు మృదంగ విద్వాంసులు. ఆయనే కూతురికి పాఠం మొదలుపెట్టారు. 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నాను. ఆ ముక్క చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. నేను కోరుకున్నది అసాధ్యమైనది కాదు. ఒక తండ్రి సరేనన్నారు, అంతే తేడా.

ఈ గోదావరి గట్టునే పుట్టిన కొందరి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే, వాద్యం మనిషికి ఎన్నిరకాలుగా దొరుకుతుందో తెలుస్తుంది.

ఒకటి, ఇల్లు చేతిలో పెట్టడం. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ్ టాగూర్ ఆయన్ని శాంతినికేతన్‌కి పిలిపించుకున్నాడు. వీణ అలా మోగిన నేల ఇది. ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు వైణికులు. పుట్టిన పిల్లాడి చెవిలో మొదట పడిందే వీణ. తండ్రి ఇచ్చిన వాద్యాన్ని ఆయన ఎక్కడిదాకా తీసుకెళ్లారంటే, ఎవరెస్టు ఆరోహణాన్ని వీణమీద చూపిస్తూ 'ఆదర్శ శిఖరారోహణం' కూర్చారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో పుట్టారు. అయిదేళ్లప్పుడే, తండ్రి వీణ వాయిస్తుంటే తప్పుపలికిన స్వరాన్ని సరిచేశారని చెబుతారు. ఆ చెయ్యే తరువాత తీగమీద కోయిలని కూయించింది. పెద్దవాళ్లు ఎంచి ఇచ్చినా, చెవి ముందే సిద్ధంగా ఉన్న చోట ఆ ఎంపిక భారం కాలేదు.

రెండు, గొంతు చుట్టూ వాద్యాలు చేరడం. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. ఆయన పసికందుగా ఉన్నప్పుడే ఆవిడ కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్యగారిది వేణువు. బాలమురళిగారు గాయకుడిగానే ప్రపంచానికి తెలుసు. కానీ వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర అన్నీ కచేరీ చేయగలిగినంతగా ఆయన చేతిలో ఉండేవి. ఒకటి ఎంచుకుంటే మిగతావి వదులుకోవాలని మనం భయపడతాం. లోపల పాట నిండిన మనిషికి ఏ వాద్యమైనా మరో గొంతే.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ కథ. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ల పిల్లాడు తనంతట తాను చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి కర్ణాటక సంగీతంలో ఆ వాద్యానికి చోటే లేదు. పొట్టి మెడ, జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది, జంటతీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, పిల్లాడికి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు విని అదే మాండలిన్ మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు గనక వేలే దారి వెతుక్కుంది. తరువాత జంటతీగలు పోయి, అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్లకి, బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయినా, మాండలిన్ ఆయన ఇంటిపేరుగా నిలిచిపోయింది.

ఈ కథలో నాకు కళ్లు చెమర్చేది సుబ్బరాజుగారి దగ్గర. "ఇది మన వాద్యం కాదు, వీణో వయొలినో పట్టు" అని ఆయన అనివుంటే ఆరేళ్లవాడు ఏం చేయగలడు? పిల్లాడి చేతిలో ఉన్నది ఏమిటన్నది పక్కన పెట్టి, తన దగ్గరున్నది ఇచ్చారాయన. వాద్యం కంటే పాట ముందని పాడి చూపించిన గురువు.

మనది కాదన్న మాట అసలు ఎక్కడ నిలుస్తుంది? ఈరోజు వయొలిన్ లేని కర్ణాటక కచేరీని ఊహించలేం. అదీ యూరప్ నుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో యూరోపియన్ వాద్యకారుడి దగ్గర నేర్చుకుని, రెండు శతాబ్దాల కిందట దాన్ని మన పాటలోకి తెచ్చారు. హార్మోనియం సంగతీ అంతే. స్వరాలు ఎక్కడివక్కడ బిగిసి ఉంటాయి, గమకం పలకదు అని 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టింది. 1971దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ మా ఊళ్లలో హార్మోనియం ఆగిందా? తిరుపతి వెంకటకవుల పద్యాల్ని తెల్లవార్లూ మోసింది అదే. నటుడి రాగాలాపనకి ఊపిరి అందించింది, చదువురాని రైతు చెవికి మోహన, కాంభోజి తెలిసేలా చేసింది అదే. హార్మోనియం గమకం ఇవ్వలేకపోయింది, నిజమే. అది ఇచ్చినది మరో వాద్యం ఇవ్వలేదు. కీబోర్డు నేర్చుకునే పిల్లల్ని నేను తక్కువగా చూడకపోవడానికి కారణం ఇదే. స్వరం సిద్ధంగా దొరికినప్పుడు చెవి బద్ధకించకుండా, పాడించి పాడించి చెప్పే గురువు మాత్రం ఉండాలి.

ఇదంతా చెప్పాక మా అమ్మాయి, "అమ్మా, కథలు బాగున్నాయి, మరి ఏం చేద్దాం?" అంది. అడగవలసిన మాటే. కాగితం మీది లెక్కలూ అవసరమే. వీణ చిన్నపిల్ల ఒళ్లో బరువు. వయొలిన్ పిల్లల కొలతల్లో దొరుకుతుంది, కానీ దానికి మెట్లుండవు. స్వరం ఎక్కడుందో వేలు వెతుక్కునేదాకా, తక్కువలో తక్కువ ఏడాది, ఇంటిల్లిపాదీ ఓర్చుకోవాలి. ఆ ఏడాదిలో ఒక్కరు చెవులు మూసుకున్నా పిల్ల మనసు మూసుకుపోతుంది. వేణువు చవక, కానీ ఊపిరి అదుపులోకి రావడానికి నెలలు పడుతుంది. మృదంగానికి "త ది తొం నం" దగ్గర విసుగు రాని మనసు కావాలి. గురువు ఇల్లు దగ్గరుండాలి, లేదా గురువు పిల్లకి దగ్గర కావాలి. ఈ రోజుల్లో మా రాజమండ్రి టీచర్లే తెల్లవారుజామున లేచి ఫోనులో అమెరికా పిల్లలకి పాఠం చెబుతున్నారు. దూరం ఒక లెక్కే కాదు.

కానీ ఈ లెక్కలన్నీ తరువాత. ముందు ఆ దుంగమీద చేసినట్టు చేద్దామన్నాను. ఎక్కడ పలుకుతుందో విందాం. విజయదశమికి అప్పటికింకా పదిహేను రోజులుంది.

ఆ రోజునుంచి మనవరాలిని వెంటేసుకుని తిరిగాను. నవరాత్రుల గుళ్లలో సన్నాయి వాళ్ల ఎదురుగా నేలమీద కూర్చున్నాం. ఒక వయొలిన్ టీచరుగారి ఇంట్లో, పిల్లల పాఠం జరుగుతుంటే గుమ్మం పక్కన మౌనంగా విన్నాం. మొదటి ఏడాది వాళ్ల అపస్వరాలు కూడా వినాలని నేనే కోరాను. రాత్రిళ్లు చిట్టిబాబు, ఈమని, బాలమురళి. ఒకరాత్రి శ్రీనివాస్ మాండలిన్ పెట్టాను. "ఇది గిటారా అమ్మమ్మా?" అంది. సుబ్బరాజుగారి సంగతి చెప్పాను. "ఆయనకి వాయించడం రాకపోతే ఎలా నేర్పారు?" "పాడారు." చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు మంచం కింద పెట్టె తెరిచాను. తీగలు తుప్పుపట్టాయి, మైనం అక్కడక్కడ ఊడింది. బాగుచేయించి తెచ్చి, బిరడలు తిప్పి శ్రుతి చేస్తుంటే పిల్ల ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మీటాను. వేళ్లు మొరాయించాయి, స్వరం వణికింది. అయినా ఆ గది నలభై ఏళ్ల తరువాత మోగింది. పిల్ల తీగని చూస్తుందనుకున్నాను. అది నా ముఖం చూస్తోంది.

"అమ్మమ్మా, నీకు చిన్నప్పుడు ఏది కావాలనిపించేది?"

అరవై ఆరేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాన్నగారికి నా మీద ఉన్న ప్రేమకి లోటులేదు, మాస్టారి శ్రద్ధకి లోటులేదు. అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. గొంతు సర్దుకుని, "మృదంగం" అన్నాను.

మనవరాలు ఇంకా తేల్చుకోలేదు. తొందరలేదు. ఈ విజయదశమికి వాద్యం లేకుండానే నా పక్కన కూర్చుని సరళీస్వరాలు పాడుతుంది, నేను వీణ మీద తోడుంటాను. గొంతులో స్వరం కుదిరాక, దాని చెవి దేన్ని పిలుస్తుందో అదే తెద్దామని మా అమ్మాయి ఒప్పుకుంది. కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది.

నిన్న సాయంత్రం పక్కవీధిలో మృదంగం చెప్పే మాస్టారి ఇంటికి వెళ్లాను. ఈ వయసు చేతులకి పాఠం చెబుతారా అని అడిగాను. ఆయన నా ఎడమచేతి వేళ్ల కొసలకేసి చూశారు.

"కింద కూర్చోగలరా అమ్మా?"

"కూర్చోగలనండి."

"అయితే పండగనాడు పొద్దున్నే రండి."